వచ్చిపోయేవాళ్లు, ఇక్కడే ఉండే మనం
(యువజన సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈరోజు మనం మాట్లాడుకోబోయేది డబ్బు గురించి. సంస్కృతి సభలో డబ్బు మాటేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ మన కొండల మీదికి, మన దేవుళ్ల దగ్గరికి, మన అడవిలోకి ఏటా లక్షల మంది వస్తున్నారు. వాళ్లతోపాటు డబ్బూ వస్తోంది. ఆ డబ్బు ఎక్కడ ఆగుతోంది, ఎవరి చేతికి అందుతోంది, మన చేతికి ఎంత దక్కుతోంది? ఈ లెక్క తెలియకపోతే మన పండుగలు, మన పాటలు, మన అడవి రేపు ఎవరి చేతిలో ఉంటాయో మనం చెప్పలేం.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. శ్రీశైలం, అహోబిలం, మహానంది, యాగంటి, బెలుం గుహలు, అన్నీ ఈ ఒక్క జిల్లాలోకే వచ్చాయి. చేతిలో ఇన్ని యాత్రాస్థలాలున్న జిల్లాలు రాష్ట్రంలో తక్కువ. అందుకే ఇక్కడి చదువుకున్న పిల్లలకు అందరూ చెప్పే మాట ఒకటే: "టూరిజం పెరుగుతుంది, మీకు పనులు దొరుకుతాయి." ఆ మాటలో నిజమెంతో, లోటెంతో చూద్దాం.

మొదట ఒక సంగతి గుర్తు చేసుకుందాం. మనకు అతిథులు కొత్త కాదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి మన ఇంటి అల్లుడయ్యాడని చెప్పుకుంటాం. శ్రీశైలం మల్లికార్జునుణ్ణి చెంచు మల్లయ్య అంటాం. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవి దారిన కాలినడకన భక్తులు శ్రీశైలం చేరతారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు. సంక్రాంతి తర్వాత అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి, నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. ఆ పారువేటలో చెంచులు విల్లంబులతో స్వామి పల్లకీ ముందు నిలుస్తారు.

ఈ సంబంధాల్లో ఒక మర్యాద ఉంది. వచ్చినవాడు అల్లుడైనా సరే, ఇల్లు మనది. పిలుపు ఎవరు ఇవ్వాలో, ముందు ఎవరు నిలవాలో, ఎవరికి ఏం ముట్టాలో ఆచారం తేల్చి పెట్టింది. ఇప్పుడు కారులో వచ్చే అతిథికీ మనకూ మధ్య అలాంటి కట్టుబాటు ఏదీ లేదు. బేరం మాత్రమే ఉంది. బేరంలో ఎవరి చేతిలో సరుకు ఉంటే వాళ్లదే పైచేయి.

ఒక్క రూపాయి వెంట నడిచి చూద్దాం. చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఒక కుటుంబం అహోబిలం వచ్చిందనుకోండి. వాళ్లు నవ నారసింహులను చూడాలి. దిగువ అహోబిలంలో గది తీసుకుంటారు. ఎగువ అహోబిలం వెళతారు. అక్కడి నుంచి జ్వాలా నరసింహస్వామి దాకా రాళ్ల దారిలో ఎక్కుతారు. పావన నరసింహస్వామి దగ్గరికి అడవి దారిలో జీపు మాట్లాడుకుంటారు. వాళ్ల ఖర్చులో పెద్ద భాగం పెట్రోలుకు పోతుంది, అది ఆయిల్ కంపెనీది. గది అద్దె లాడ్జి యజమానిది. ఆ యజమాని హైదరాబాదులో ఉంటే ఆ డబ్బు హైదరాబాదు చేరుతుంది. హోటల్లో బియ్యం, నూనె, కూరగాయలు ఆళ్లగడ్డ నుంచో నంద్యాల నుంచో వస్తాయి, కాబట్టి ఆ సొమ్ము మండీకి వెళ్తుంది. జీపు కిరాయిలో డీజిలు, కిస్తు, యజమాని వాటా పోగా మిగిలింది డ్రైవరుకు. సత్రంలో అన్నదానం ఉంటే భోజనం ఖర్చే ఉండదు. అది భక్తుడికి మేలే, కానీ పూటకూళ్లు నడుపుకునే ఆడమనిషికి ఆ రోజు బేరం లేనట్టే.

ఇక మనవాళ్ల వాటా ఏది? ఊతకర్ర అమ్మిన పిల్లవాడిది, డోలీ మోసిన భుజాలది, దారి చూపిన గైడుది, గదులు ఊడ్చిన చెల్లెలిది. అన్నిటికంటే బరువైన పని మనది, అన్నిటికంటే చిన్న వాటా మనది. ఎవరో మోసం చేశారని మనం ఇలా చెప్పడం లేదు. లెక్క ఇలా ఉండటానికి కారణం ఒక్కటే. గది మనది కాదు, జీపు మనది కాదు, దుకాణం మనది కాదు. మన దగ్గర ఉన్నది ఒంటి బలం ఒక్కటే. దాన్ని రోజుకు ఇంతని అమ్ముకుంటున్నాం.

ఇదే జిల్లాలో వేరే రకం లెక్కలూ ఉన్నాయి. మహానంది వెళ్లినవాళ్లు కోనేటిలో స్నానం చేసి, తిరిగి వెళ్లేటప్పుడు అరటిపండ్లు కొంటారు. ఆ అరటి ఆ చుట్టుపక్కల తోటల్లోనే పండుతుంది. యాత్రికుడు ఇచ్చిన డబ్బు దుకాణం నుంచి తోటకు, తోట నుంచి కూలికి, కూలి నుంచి మళ్లీ ఊళ్లోని కిరాణా కొట్టుకు తిరుగుతుంది. ఒక్క రూపాయి ఊరు దాటేలోపు నలుగురి చేతులు మారుతుంది. ఆళ్లగడ్డ శిల్పులను చూడండి. వాళ్లు చెక్కిన దేవతా విగ్రహాలు, నాయకుల విగ్రహాలు దూర రాష్ట్రాలకు వెళుతున్నాయి. కొనేవాడు విగ్రహాన్ని తీసుకెళ్లగలడు గానీ చేతిలోని పనిని తీసుకెళ్లలేడు. కాబట్టి మళ్లీ కావాలంటే మళ్లీ ఆళ్లగడ్డకే రావాలి. యాత్రికుల డబ్బు ఊళ్లో నిలవాలంటే పంటయినా మనదై ఉండాలి, పనితనమైనా మనదై ఉండాలి.

మన దగ్గర అలాంటివి లేవా? ఉన్నాయి. అడవి తేనె ఉంది. తేనె పట్టు మొత్తం పిండకుండా తేనెటీగలకు కొంత వదిలిపెట్టే తెలివి ఉంది. తపసి బంక, కుంకుడు, చిల్లగింజలు, ఉసిరి ఉన్నాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వీటిని మన దగ్గర కొంటుంది. జీసీసీ పేరుతో తేనె సీసా పట్నం దుకాణాల్లో అమ్ముడవుతుంది. అదే తేనెను వడకట్టి, సీసాకు ఎత్తి, గూడెం పేరు రాసి, కొండెక్కి వచ్చిన యాత్రికుడి చేతిలో పెట్టగలిగితే వాటా పెరుగుతుంది. 2018లో మొదలైన వన్‌ధన్ పథకం ఉద్దేశం కూడా ఇదే. సేకరించే గుంపులే శుద్ధి చేసి అమ్ముకోవాలి.

ఇప్పుడు విదేశీయుల సంగతి. మన జిల్లాలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది, బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వాటి గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబాయర్ బృందం జర్మనీ నుంచి వచ్చి లోపలికి దిగి కొలతలు తీసింది. 3,229 మీటర్ల పొడవు అని తేలింది. ఆ తర్వాతే ప్రభుత్వం కళ్లు తెరిచింది. పర్యాటక సంస్థ దారులు వేసి, దీపాలు పెట్టి, 2002లో జనానికి తెరిచింది. కొలిమిగుండ్ల మండలంలో పొలాల కింద ఉన్న ఆ గుహలు అంతకుముందూ అక్కడే ఉన్నాయి. బయటివాడు వచ్చి కొలిచి, పేరు రాసిన తర్వాతే దానికి టిక్కెట్టు వెల వచ్చింది. మన దగ్గర ఉన్నదాని విలువ మనమే రాసి పెట్టుకోకపోతే, రాసినవాడి లెక్కే చెల్లుతుంది.

మనుషుల విషయంలోనూ ఇంతే. ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టోఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ నైజాం వైపు నల్లమలలో చెంచులతో గడిపి, వాళ్ల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాడు. 1943లో అచ్చయింది. చెంచుల గురించి ప్రపంచం ఇప్పటికీ ఆ పుస్తకం తెరిచే చదువుతుంది. అదే 1943లో చెంచులక్ష్మి కథ సినిమాగా వచ్చింది, 1958లో మళ్లీ వచ్చింది. మన గురించి పుస్తకం ఒకరు రాశారు, సినిమా ఇంకొకరు తీశారు. మన మాటల్లో మన కథ చెప్పే పుస్తకం మాత్రం ఇంకా మన పిల్లలు రాయాల్సే ఉంది.

విదేశీయులు వచ్చిపోవడం ఒకటి, వచ్చి ఉండిపోవడం ఇంకొకటి. దీనికి రాయలసీమలోనే పుట్టపర్తిని మించిన పాఠం లేదు. సత్యసాయిబాబా ఉన్న రోజుల్లో ఆ చిన్న పల్లెకు ఎన్నో దేశాల నుంచి భక్తులు వచ్చారు. కొందరు నెలల తరబడి ఉన్నారు, కొందరు అక్కడే ఇల్లు చేసుకున్నారు. 1990లో విమానాశ్రయం, 1991లో పెద్దాసుపత్రి, 2000లో రైల్వే స్టేషన్ వచ్చాయి. అపార్ట్‌మెంట్లు లేచాయి, అద్దెలు పెరిగాయి, భూమి ధరలు పెరిగాయి. దుకాణదారులు, ఆటోవాళ్లు విదేశీ భాషల్లో నాలుగు మాటలు నేర్చుకున్నారు. ఆసుపత్రి, నీళ్లు, చదువు, ఇవి పేదవాడికీ అందాయి. ఇది కాదనలేని మేలు.

2011 ఏప్రిల్ 24న బాబా కన్నుమూశారు. ఆ తర్వాత వచ్చేవాళ్లు తగ్గారు. గదులు ఖాళీ అయ్యాయి, భూమి ధర పడింది, చిన్న వ్యాపారులు దెబ్బతిన్నారు. విదేశీయుడికి తిరిగి వెళ్లడానికి తన దేశం ఉంది. పెద్ద హోటలు యజమానికి ఇంకో ఊళ్లో ఇంకో హోటలు ఉంటుంది. అప్పు చేసి గది కట్టినవాడు, ఆటో కొన్నవాడు మాత్రం అక్కడే ఉండాలి. ధర పెరిగినప్పుడు ఊరి ప్రక్కన ఉన్న పొలం అమ్ముకున్న రైతుకు ఆ పొలం మళ్లీ రాదు. కట్టిన ఆసుపత్రి నిలిచింది, రైలు నిలిచింది. ఒక్క రాబడి మీదే ఆధారపడ్డ బతుకు నిలవలేదు.

మనకూ ఒక పాఠం జరిగింది. 2020 మార్చిలో కరోనా వల్ల గుళ్లు మూతపడ్డాయి. జీపులు ఆగాయి, డోలీలు మూల పడ్డాయి. మనవాళ్లకు ఆ రోజుల్లో మిగిలిన ఆధారాలు రేషను, కాస్త పొలం, ఉపాధి పని, అడవి ఫలసాయం. కరోనా లేని ఏడాదిలోనూ యాత్ర ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, నెలనెలా స్వాతి నక్షత్రం, శనివారాలు, అప్పుడు రద్దీ. ఎండలు ముదిరితే తగ్గుతుంది. వానాకాలంలో పులుల అభయారణ్యంలోకి పర్యాటకులను రానివ్వరు. అందుకని యాత్రికుల డబ్బును ఒక పంటలా చూద్దాం. పంట వచ్చినప్పుడు బాగా కోసుకుందాం. ఆ ఒక్క పంట మీదే అప్పు తెచ్చుకోవద్దు, మిగతా పంటలు మానుకోవద్దు.

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన పరిస్థితి అరకు గిరిజనుల పరిస్థితి లాంటిది కాదు. అరకు, అనంతగిరి ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ 1/70 చట్టం ఉంది. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడానికి లేదు. బొర్రా పరిసర గ్రామాల్లో గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతా తెలుసు. మన నంద్యాల జిల్లా షెడ్యూల్డ్ ఏరియాలో లేదు. 1/70 మనకు వర్తించదు, పెసా చట్టం వర్తించదు. యాత్రాస్థలం దగ్గర రోడ్డు పక్కన మన సొంత పట్టా భూమి ఉంటే, దాన్ని కొనడానికి వచ్చేవాడిని ఆ చట్టాలు ఆపవు. మన తెలివే ఆపాలి.

మనకున్న ఆయుధం 2006 నాటి అటవీ హక్కుల చట్టం. అది షెడ్యూల్డ్ ఏరియా బయట కూడా వర్తిస్తుంది. ఆ చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు దక్కుతుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి లేదు. "కాగితం రాసివ్వు, డబ్బిస్తా" అని ఎవరు వచ్చినా ఈ మాట గుర్తుంచుకోండి. చిన్న తరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కు, మన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు కూడా అందులో ఉన్నాయి. అడవిని, మన ఆవాసాన్ని కాపాడుకోవడానికి గ్రామసభకు అధికారం ఉంది. టూరిజం పేరుతో ఏ పథకం వచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న: గ్రామసభలో చర్చించారా?

ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీశాఖ విడిది ఉంది. అడవి చూడటానికి పట్నాల నుంచి వచ్చి అక్కడ బస చేస్తున్నారు. అలాంటి చోట్ల చెంచు యువకులకు గైడ్లుగా, డ్రైవర్లుగా, వంటవాళ్లుగా పని దొరుకుతుంది. జాడలు చదవడం, పక్షి కూతను బట్టి జంతువు కదలికను చెప్పడం, ఏ ఆకు దేనికి మందో తెలియడం, వీటిని ఏ కాలేజీ నేర్పదు. ఆ విద్యకు వెల కట్టి అడగడం తప్పేమీ కాదు. జీతం ఒక్కటే అడగకండి. లెక్కలు చూసే కుర్చీ, నిర్ణయాలు చేసే కుర్చీ కూడా అడగండి.

మరొక హెచ్చరిక. మన చూపులో మర్యాద తప్పిన టూరిజం ఒకటుంది. అండమాన్‌లో జారవా ప్రజలను రోడ్డు పక్క నుంచి చూడటానికి వాహనాల్లో వెళ్లి, తిండి ఆశచూపి ఆడించిన వీడియోలు 2012లో బయటపడ్డాయి. దేశమంతా సిగ్గుపడింది. మన దగ్గర అంత దూరం రాలేదు. కానీ అడగకుండా ముసలమ్మ ఫోటో తీసుకోవడం, పిల్లలకు బిస్కెట్లు విసరడం, "ఒకసారి విల్లు పట్టుకుని నిలబడు" అనడం, ఇవన్నీ ఆ దారిలో మొదటి అడుగులే. పండుగలో ఆడే ఆట వేరు, పిలిచినప్పుడల్లా ఆడే ఆట వేరు. ఏది చూపించాలో, ఏది మన లోపలే ఉంచుకోవాలో తేల్చాల్సింది మన పెద్దలు, మన ఆడవాళ్లు. కార్యక్రమం ఇస్తే ముందే పారితోషికం, సమయం, ఫోటోల షరతు మాట్లాడుకోవాలి.

ఖర్చు వైపు కూడా చూద్దాం. యాత్రికుడు వెళ్లిపోతాడు, ప్లాస్టిక్ సీసా అడవిలో ఉండిపోతుంది. జింక తింటుంది, పశువు తింటుంది. రద్దీ రోజుల్లో బోరు నీళ్లు లాడ్జికి వెళ్తే గూడెం కుళాయి ఎండుతుంది. సంతలో కూరగాయల ధర పెరుగుతుంది, కొనలేనిది మనమే. సారా, పేకాట వెంటే వస్తాయి. రోజుకు కాసిని డబ్బులు కళ్లపడేసరికి ఎనిమిదో తరగతి పిల్లవాడు బడి మానేసి ఊతకర్రలు పట్టుకుంటాడు. ఆ పిల్లవాడి చదువును ఏ లెక్కల పుస్తకమూ ఖర్చు కింద రాయదు. మనం రాయాలి.

అందుకే మీ ముందు కొన్ని పనులు పెడుతున్నాం. అన్నీ మన చేతిలో ఉన్నవే.

ఒకటి, లెక్క రాయండి. ప్రతి గూడెం, ప్రతి తండాలో చదువుకున్నవాళ్లు ఇద్దరు ఒక పుస్తకం పెట్టండి. యాత్ర వల్ల ఎవరికి ఏ నెలలో ఎంత వచ్చింది, ఏ పనికి ఎంత కూలి, నీళ్లు, ధరలు ఎలా ఉన్నాయి, ఎవరు బడి మానారు, అన్నీ రాయండి. ఏడాది తర్వాత ఆ పుస్తకం పట్టుకుని అధికారి ముందు కూర్చుంటే మన మాటకు బరువు ఉంటుంది.

రెండు, గుంపుగా సొంతం చేసుకోండి. ఒక్కడు అప్పు చేసి జీపు కొంటే కిస్తు కట్టలేక అమ్ముకుంటాడు. పదిమంది సంఘం కడితే ఐటీడీఏ, బ్యాంకు దగ్గర అడగడానికి దారి ఉంటుంది. డోలీ మోసేవాళ్లు కూడా సంఘంగా ఏర్పడి, రేటు బోర్డు రాసి పెట్టి, వంతులవారీగా మోయాలి.

మూడు, భాషలు నేర్చుకోండి. అహోబిలం వచ్చేవాళ్లలో తమిళులు ఎక్కువ, శ్రీశైలం వచ్చేవాళ్లలో కన్నడిగులు ఎక్కువ. తమిళం, కన్నడం, కాస్త ఇంగ్లీషు, దానితోపాటు ప్రథమ చికిత్స. ఇవి వచ్చిన గైడుకు మధ్యవర్తి అవసరం ఉండదు.

నాలుగు, భూమిని, అడవిని వదలకండి. ఐదు, పద్దెనిమిదేళ్లు నిండే దాకా పిల్లలను యాత్ర పనుల్లోకి పంపకండి. చెల్లెళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాం, ఊడ్చే పని దగ్గరే ఆగిపోకండి. గది అద్దెకిచ్చే కుర్చీలోనూ మీరు కూర్చోవచ్చు.

అతిథిని వద్దనే జాతి కాదు మనది. దాహమన్నవాడికి నీళ్లిచ్చి, దారి తప్పినవాడిని గుడి దాకా దిగబెట్టినవాళ్లం. ఆ మంచితనాన్ని అలాగే ఉంచుకుందాం. దానితోపాటు లెక్క కూడా నేర్చుకుందాం. వచ్చే ఏడాది సభకు మీరు వచ్చేటప్పుడు మీ మీ ఊళ్ల పుస్తకాలు తీసుకురండి. వాటిని ఇక్కడే, అందరి ముందూ చదువుకుందాం.

సెలవు. జై ఆదివాసీ.